మధ్యాహ్నం ఆగిపోయి, చల్లబడితే కదిలే లారీ

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కడప దగ్గర పల్లె. 2008 మోడల్ పది టైర్ల లారీ ఉంది, నేనే నడుపుకుంటాను. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తి రాయచోటి, మదనపల్లె వైపు తోలుతుంటాను. రెండు నెలలుగా మధ్యాహ్నం పూట లోడుతో పోతుంటే ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం పట్టుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. రాత్రి ట్రిప్పుల్లో ఒక్కసారి కూడా ఇలా కాలేదు. డీజిల్ ఫిల్టర్లు మార్చాం, ఫీడ్ పంపు మార్చాం, మెయిన్ పంపు విప్పించి టెస్టు బెంచి మీద పెట్టించాం. 38 వేలు అయింది. ఆ తర్వాత పంపు పక్కనుండే, కరెంటుతో ఇంజన్ ఆపే సోలెనాయిడ్ మార్చారు. అది నెలకే కాలిపోయింది. రెండోది వేశారు, అదీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. పోయిన వారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఆగింది, వెనకాలే బస్సు. ఇప్పుడు బండి తీయాలంటేనే టెన్షన్. అమ్మేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, బండి సంగతికంటే ముందు ఘాట్ సంగతి. లోడుతో ఎక్కేటప్పుడు ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. కంప్రెసర్ తిరగదు కాబట్టి కొత్త గాలి రాదు, ట్యాంకుల్లో మిగిలిన గాలితోనే బ్రేకులు పనిచేయాలి. తొక్కి వదిలి, తొక్కి వదిలి చేస్తే ఆ ఉన్న గాలి కూడా అయిపోతుంది. ఎక్కడ ఆగినా ఒక్క తొక్కుతో పట్టి నిలబెట్టు, హ్యాండ్ బ్రేకు వెయ్యి, క్లీనర్‌ను దించి వెనక చక్రాలకు రాళ్లు పెట్టించు. త్రికోణం బోర్డు దూరంగా పెట్టించు, మలుపులో ఆగితే మలుపుకు అవతల పెట్టించు. లోపం దొరికేదాకా లోడుతో ఘాట్ ఎక్కొద్దు. నాలుగు బాడుగలు పోతే పోనీ. ఈ మాట పెద్దవాడిగా గట్టిగానే చెబుతున్నాను.

అమ్మే ఆలోచన కూడా ఇప్పుడే వద్దు. ఇదే లోపంతో అమ్మితే ఇంకొకడు దీన్నే అదే ఘాట్ ఎక్కిస్తాడు. పైగా నువ్వు రాసినదాన్ని బట్టి ఇది దొరకని లోపమేమీ కాదు. ఇంతకాలం దొరకకపోవడానికి కారణం ఒక్కటే. నీ బండిని చూసినవాళ్లంతా అది బాగున్నప్పుడే చూశారు. ఆగిన అరగంట తర్వాత స్టార్ట్ చేసుకుని షెడ్డుకు తెచ్చావు. అప్పటికి చల్లబడింది, లోపం మాయమైంది. మెకానిక్ ఏం కొలిచినా సరిగ్గానే ఉంటుంది. దాంతో అనుమానం వచ్చిన పార్టు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయారు. లోపం బతికుండేది రోడ్డు మీద ఆ అరగంటలోనే. అప్పుడు అక్కడ ఉండేది నువ్వు, నీ క్లీనర్. కాబట్టి కొలవాల్సింది కూడా మీరే. కొత్త పార్టు కొనడం ఇక ఆపు.

మొదట డీజిలా, కరెంటా తేల్చుకో. ఇంజన్ ఆగే తీరే సగం చెబుతుంది. డీజిల్ అందక ఆగే బండి ముందుగా లాగుడు తగ్గుతుంది, ఎక్సలేటర్ తొక్కినా లేవదు, దగ్గినట్టు చేస్తుంది, కాసేపు కొట్టుకుని అప్పుడు ఆగుతుంది. గాలి పట్టినా అంతే. కరెంటు పోయి ఆగే బండి కీ తిప్పి ఆపినట్టు ఒక్క దెబ్బకు ఆగుతుంది. నువ్వు ‘ఉన్నట్టుండి’ అని రాశావు. ఆ మాట నిజమైతే ఫిల్టర్ల జోలికి పోనక్కరలేదు. ఈసారి ఆగినప్పుడు ఫీడ్ పంపు మీదుండే చేతి ప్రైమర్‌ను నాలుగుసార్లు కొట్టి చూడు. వెంటనే గట్టిపడితే లైన్లో డీజిల్ నిండుగా ఉంది. ఎంత కొట్టినా మెత్తగా పోతుంటే గాలి ఉంది, అది వేరే కథ.

ఇక కరెంటు. నీ బండిలో మెయిన్ పంపు ఇంజన్‌తోపాటే తిరుగుతుంది, డీజిల్ కొట్టడానికి దానికి కరెంటుతో పనిలేదు. పాతకాలం లారీల్లో ఇంజన్ ఆపాలంటే డ్రైవర్ కాలి దగ్గరో, డ్యాష్‌బోర్డు కిందో ఉండే స్టాప్ కేబుల్ లాగేవాడు. ఆ లాగే పనిని తర్వాత వచ్చిన బండ్లలో సోలెనాయిడ్‌కు అప్పగించారు. కరెంటు ఉన్నంతసేపు అది పంపు లివర్‌ను నడిచే వైపు పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే స్ప్రింగు లివర్‌ను వెనక్కి లాగేస్తుంది, డీజిల్ కట్. కొన్ని బండ్లలో దీనికి తిరగేసి ఉంటుంది, ఆపడానికి మాత్రమే కరెంటు ఇస్తారు. నీది ఏ రకమో పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసుకో. సెల్ఫ్ కొట్టినప్పుడు, పంపు లివర్‌కు తగిలించిన సోలెనాయిడ్ రాడ్డు కదిలి, బండి నడుస్తున్నంతసేపు అక్కడే నిలిచి, కీ ఆపగానే వెనక్కి పోతే నేను చెప్పే రకమే. నడుస్తున్నప్పుడు వేడెక్కుతోంది అన్నావు కాబట్టి అదే అయ్యుంటుంది.

దీని లోపల రెండు చుట్లు ఉంటాయి. ఒకటి పుల్ కాయిల్. లివర్‌ను ఒక్క ఊపున లాగడానికి ఇది పదుల ఆంపియర్లు తాగుతుంది, ఒకటి రెండు సెకన్లకు మించి పనిచేయకూడదు. రెండోది హోల్డ్ కాయిల్. లాగిన రాడ్డును పట్టి ఉంచడమే దీని పని, దీనికి ఒక ఆంపియర్ అటూ ఇటూ చాలు. ఇందులో మెలిక ఉంది. హోల్డ్ కాయిల్‌కు పట్టి ఉంచే బలమే ఉంది కానీ లాగే బలం లేదు. అందుకే ఏదో ఒక గతుకు దగ్గర హోల్డ్ వైరు రెప్పపాటు వదులైతే రాడ్డు పడిపోతుంది. మరుక్షణం కరెంటు తిరిగొచ్చినా రాడ్డు పైకి లేవదు, మళ్లీ సెల్ఫ్ కొట్టాల్సిందే. ‘కరెంటు ఉంది, అయినా ఆగింది’ అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

ఈసారి బండి ఆగినప్పుడు చేయాల్సిన పరీక్ష రాస్తున్నాను. చదును రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, కావాలనే వేడెక్కించి చేసినా మంచిదే. గేరు న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాకే మొదలుపెట్టు. మెడలో తుండు ఉంటే తీసి సీటు మీద పడేయ్, ఫ్యాను పక్కనే చెయ్యి పెట్టాలి. క్యాబిన్ ఎత్తాల్సి వస్తే లాకు పడిందో లేదో చూసుకో. క్లీనర్‌ను సెల్ఫ్ కొట్టమని నువ్వు రాడ్డు చూడు. కదల్లేదు అనుకుందాం. అప్పుడు పంపు లివర్‌ను చేత్తో నడిచే వైపుకు పూర్తిగా తోసి పట్టుకుని మళ్లీ సెల్ఫ్ కొట్టించు. ఇంజన్ పట్టుకుందంటే పంపు, నాజిళ్లు, డీజిల్ అన్నీ సక్రమంగా ఉన్నట్టే. ఇప్పుడు ఇంజన్ నడుస్తుండగా మెల్లగా చెయ్యి వదులు. రాడ్డు అలాగే నిలిచిందా, హోల్డ్ కాయిల్ బాగుంది, లోపం పుల్ వైపు ఉంది. చెయ్యి వదలగానే పడిపోయి ఇంజన్ ఆగిందా, లోపం హోల్డ్ వైపు ఉంది. పానా కూడా పట్టకుండా సగం వైరింగ్‌ను పక్కన పెట్టేసినట్టయింది.

ఏ వైపో తెలిశాక కొలతలు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, కాబట్టి కాస్త నిదానంగా చదువు. నీ ఎలక్ట్రీషియన్ ఏం చేసుంటాడంటే, సోలెనాయిడ్ కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెట్టుంటాడు. 24 వోల్టులు చూపించుంటుంది. ‘కరెంటు వస్తోంది, సోలెనాయిడే పోయింది’ అని ఉంటాడు. మల్టీమీటర్ తనకోసం కరెంటు దాదాపుగా తీసుకోదు. వైరులో పోగులన్నీ తెగి ఒక్క వెంట్రుక పోగు మిగిలినా అది ఫుల్లు 24 చూపిస్తుంది. చీనీ తోటలో డ్రిప్ పైపు చూసే ఉంటావు. చివర బిరడా బిగించి ఉంటే పైపు నిండుగా ఉబ్బి ఉంటుంది, మధ్యలో మట్టి అడ్డుపడిన సంగతి తెలియదు. బిరడా తీస్తేనే నీళ్లు సన్నగా కారి అసలు సంగతి బయటపడుతుంది. వైరు కూడా అంతే. లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా కొలిస్తేనే నిజం చెబుతుంది.

లెక్క చూపిస్తాను. పుల్ కాయిల్ రెసిస్టెన్స్ 1.2 ఓమ్‌లు అనుకో. 24 వోల్టులకు 20 ఆంపియర్లు పోవాలి. దారిలో ఎక్కడో పచ్చగా చిలుము పట్టిన జాయింటు ఒకటి 0.3 ఓమ్ అడ్డం పెట్టింది. 0.3 అంటే మామూలు మీటరుకు సరిగ్గా దొరకనంత చిన్నది. అయినా కరెంటు 16 ఆంపియర్లకు పడిపోతుంది, ఆ జాయింటు ఒక్కటే దాదాపు 5 వోల్టులు తినేస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీలు ఎలాగూ కొంత పడతాయి. ఈ రెండూ కలిసేసరికి రాడ్డు లేవదు. అదే జాయింటు గుండా ఒక్క ఆంపియర్ హోల్డ్ కరెంటు పోతే పోయేది 0.3 వోల్టే, ఏ తేడా కనిపించదు.

కాబట్టి కనెక్టర్ పీకొద్దు. పెట్టి ఉండగానే వెనక నుంచి మీటరు ముల్లు దూర్చు. క్లీనర్‌తో రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టిస్తూ ముందు బ్యాటరీ రెండు కొసల మధ్య కొలువు, తర్వాత సోలెనాయిడ్ పుల్ పిన్నుకూ దాని ఎర్త్ పిన్నుకూ మధ్య కొలువు. బ్యాటరీ దగ్గర 21 ఉండి సోలెనాయిడ్ దగ్గర 20 పైన ఉంటే దారి బాగుంది. అక్కడ 15 ఉంటే మధ్యలో 6 పోయాయి. ఎటు పోయాయో తెలియాలంటే మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకొకటి పుల్ పిన్ను మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. వచ్చిన అంకె ప్లస్ దారిలో పోయింది. అలాగే బ్యాటరీ మైనస్‌కూ సోలెనాయిడ్ ఎర్త్‌కూ మధ్య కొలువు, అది ఎర్తింగ్‌లో పోయింది. ప్లస్ వైపు అర వోల్టు దాటినా, ఎర్త్ వైపు 0.2 దాటినా నేను ఊరుకోను. ఎక్కువ పోయే దారిలో ముల్లును ఒక్కో జాయింటూ దాటిస్తూ వెనక్కి రా, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కాలు, ఫ్యూజు, కనెక్టర్, కీ స్విచ్. ఏ జాయింటు దాటగానే అంకె ఒక్కసారి పడుతుందో అదే దొంగ. మీటరును ఆంపియర్ల మీద పెట్టి వరసలో కలిపే పని మాత్రం చేయొద్దు. దానిలో 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, పుల్ కాయిల్ దెబ్బకు పోతుంది.

ఎర్తింగ్ అనగానే ఒక బండి గుర్తొస్తుంది. చాలా ఏళ్ల కింద, అనంతపురంలో నా షెడ్డుకు తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ వచ్చింది. నీ సంగతే, వేడి మీద స్టార్టవదు. రెండు రోజులు రిలే మార్చాను, కీ స్విచ్ మార్చాను. మూడో రోజు సాయంత్రం మైనస్ వైపు కొలిస్తే 5 వోల్టుల పైన చూపించింది. సోలెనాయిడ్ నల్ల వైరు చాసిస్‌కు బిగించిన చోట బోల్టు విప్పాను. రింగు లగ్గు కింద ఎర్రగా మెరుస్తూ పెయింటు పొర ఉంది, లక్క పోసినట్టు. చాసిస్‌కు రంగు వేయించి ఆరాక ఆ రంగు మీదే ఎర్త్ బిగించారు. బోల్టు మరల దగ్గర గీసుకుపోయిన సన్నటి గీత గుండానే ఇన్నాళ్లూ కరెంటు పోతోంది. గరుకు కాగితంతో ఇనుము తెల్లగా బయటపడేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూశాను. 5 కాస్తా 0.1 అయింది. ఆ రెండు రోజుల బాడుగ ఆ డ్రైవర్‌కు నా వల్లే పోయింది. అప్పటినుంచి ఏ బండి వచ్చినా నా మీటరు ముందు మైనస్ మీదకే పోతుంది. నీ బండికి ఈ మధ్య రంగు వేయించినా, చాసిస్‌కు వెల్డింగ్ చేయించినా మొదట అక్కడే చూడు.

మీటరు అలవాటు లేకపోతే పాత హెడ్‌లైట్ బల్బు చాలు. 24 వోల్టుల 70 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికి పెట్టుకో. అది దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఒంటి పోగు మీద నడిచే దారి దాన్ని మోసం చేయలేదు, మసకగా వెలిగి దొరికిపోతుంది. సోలెనాయిడ్ పిన్ను దగ్గర పెట్టినప్పుడు ఎంత వెలుగో, నేరుగా బ్యాటరీ మీద పెట్టినప్పుడు ఎంత వెలుగో పక్కపక్కన పోల్చుకో. 12 వోల్టుల బల్బు మాత్రం పెట్టొద్దు, వెంటనే పోతుంది.

ఇవన్నీ ఆగాక చేసేవి. ఆగే క్షణాన్నే పట్టుకునే ఉపాయం ఒకటుంది, ఇది రేపే చేయించు. డ్యాష్‌బోర్డులో వాడే 24 వోల్టుల 2 వాట్ల చిన్న బల్బు తీసుకో. దాని ఒక వైరు సోలెనాయిడ్ హోల్డ్ పిన్నుకు, రెండో వైరు సోలెనాయిడ్ ఎర్త్ పిన్నుకే కలిపి, బల్బును క్యాబిన్లో నీ కళ్లెదుట పెట్టుకో. రెండో వైరును క్యాబిన్లో దొరికిన ఎర్త్‌కు కలిపితే ఎర్తింగ్ లోపం బయటపడదు, అందుకే అక్కడిదాకా లాగమంటున్నాను. ప్లస్ వైరుకు సోలెనాయిడ్ దగ్గరే చిన్న ఫ్యూజు పెట్టించు. సైలెన్సర్ వేడి తగలకుండా, క్యాబిన్ ఎత్తితే తెగకుండా కాస్త వదులుగా వైరు తిప్పించు. ఇంక బండి నడుపు. ఇంజన్ ఆగిన క్షణంలో బల్బు వెలుగుతూనే ఉంటే హోల్డ్ పిన్ను దాకా కరెంటు వచ్చింది, లోపం సోలెనాయిడ్‌లోనో, రాడ్డులోనో, డీజిల్‌లోనో ఉంది. బల్బు ఆరిపోయి ఉంటే లోపం సోలెనాయిడ్‌కు వచ్చే ప్లస్ దారిలోనో, ఎర్త్ దారిలోనో ఉంది, సోలెనాయిడ్‌ను ముట్టుకోనక్కరలేదు. గతుకుల్లో బల్బు ఒక్కసారి కొట్టుకుని ఆగితే ఏదో కనెక్టర్ వదులుగా ఉంది. షెడ్డులో వారం తిరిగినా దొరకని జవాబు ఇది ఒక్క మధ్యాహ్నంలో ఇస్తుంది.

బల్బు ఆరిపోతే నేను మొదట చూసేది రిలే. తీసి దాని మీద రాసింది చదువు. రిలే కాళ్ల మీద 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి, పక్కనే 24 వి అనో 12 వి అనో ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే, పట్టేదీ అదే సాకెట్లో. ఎవరైనా తొందరలో 12 వోల్టులది పెట్టి ఉంటే, నడుస్తున్నప్పుడు 28 వోల్టుల మీద దాని కాయిల్‌లో పుట్టే వేడి, 12 వోల్టుల బండిలో పుట్టేదానికి నాలుగు రెట్లు. పొద్దున బాగుంటుంది, రాత్రి బాగుంటుంది, మధ్యాహ్నం ఎండకు క్యాబిన్ కాగినప్పుడు వదిలేస్తుంది, చల్లబడితే పట్టుకుంటుంది. నీ బండి లక్షణానికి సరిగ్గా సరిపోయే కారణాల్లో ఇదొకటి. ఆ తర్వాత రిలే సాకెట్‌ను తిప్పి వెనక చూడు. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పిన్ను దగ్గర కరిగినట్టుంటే అక్కడ చాలాకాలంగా వేడి పుడుతోంది. కీ స్విచ్ కనెక్టర్ కూడా అలాగే.

బల్బు వెలుగుతూ ఉండగానే ఆగితే? నా మనసు అటే మొగ్గుతోంది, ఎందుకంటే సోలెనాయిడ్ వేడెక్కుతోందన్నావు. ఇంజన్ పక్కనే ఉంటుంది, హోల్డ్ కాయిల్ ఎప్పుడూ పనిచేస్తుంటుంది కాబట్టి కొంత వేడి సహజం. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి మూడు నిమిషాలకు ముట్టుకుని చూడు. అప్పుడే కాలిపోతుంటే ఆ వేడి ఇంజన్‌ది కాదు, పుల్ కాయిల్ ఆగకుండా పనిచేస్తోంది. డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే వైరు చుట్టూ వేసి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఇళ్ల వైరింగ్‌కు వాడే ఏసీ క్లాంప్ ఇక్కడ పనికిరాదు.

పుల్ కాయిల్ ఎందుకు ఆగకుండా పనిచేస్తుంది? మూడు వైర్ల సోలెనాయిడ్ అయితే పుల్ వైరుకు సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. మార్చినవాడు రెండు వైర్లనూ కలిపి కీ ఆన్ వైరుకు మెలేసి టేపు చుట్టి ఉంటే అది వారాల్లోనే కాలుతుంది. ఆ టేపు విప్పి చూడు. రెండు వైర్లదే అయితే లోపల చిన్న స్విచ్ ఉంటుంది, రాడ్డు చివరిదాకా వచ్చాక అదే పుల్ కాయిల్‌ను ఆపుతుంది. రాడ్డు రెండు మూడు మిల్లీమీటర్లు ముందే ఆగిపోతే ఆ స్విచ్ తెరుచుకోదు, కాయిల్ కాలుతుంది.

అందుకే రాడ్డు సర్దుబాటు అసలు విషయం అంటాను. సోలెనాయిడ్ బిగించిన బ్రాకెట్ బోల్టులు వదులైనా, లివర్ జాయింటు మడ్డి పట్టి బిగుసుకున్నా రాడ్డు చివరిదాకా రాదు. మొదటి సోలెనాయిడ్ పట్టు వదలడానికీ, తర్వాతివి కాలడానికీ ఇదొక్కటే కారణం కావచ్చు. రాడ్డు పూర్తిగా కూర్చోకపోతే హోల్డ్ కాయిల్ పట్టు బాగా తగ్గుతుంది. రాగి తీగ 60 డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ 23 శాతం దాకా పెరుగుతుంది, కరెంటు ఐదో వంతు దాకా తగ్గుతుంది. అసలే అరకొర పట్టు, ఎండకు ఇంకా సడలి, ఘాట్ కుదుపుకు జారిపోతుంది. రాత్రి ఎందుకు ఆగదో, అరగంటకు ఎందుకు స్టార్టవుతుందో దీంతో అర్థమవుతుంది. సరిచూడాలంటే ఇంజన్ ఆపి, రాడ్డు కొస విడదీసి, లివర్‌ను చేత్తో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కదుపు. ఎక్కడా పట్టకుండా నున్నగా పోవాలి. తర్వాత సోలెనాయిడ్ రాడ్డును పూర్తిగా లోపలికి నొక్కి పట్టి, లివర్ తన చివరి స్టాపుకు తగిలీ తగలకుండా ఉండేలా కొసను మరల మీద తిప్పి పొడవు సర్దు. లివర్ ముందే స్టాపుకు తగిలిపోతే రాడ్డు ఎన్నటికీ పూర్తిగా కూర్చోదు.

ఫ్యూజు గురించి రెండే మాటలు. ఎగిరిపోతోందని వైరు ముక్క చుట్టడం, పెద్దది వేయడం చేయొద్దు, పక్కనే డీజిల్ పైపులు ఉన్నాయి. సోలెనాయిడ్ కనెక్టర్ పీకి, ఫ్యూజు స్థానంలో 24 వోల్టుల 21 వాట్ల బల్బు పెట్టి వైరింగ్‌ను అక్కడక్కడ కదుపుతూ రా. బల్బు ఎక్కడ భగ్గుమంటే అక్కడ వైరు ఇనుముకు తగులుతోంది. ఎక్కువగా క్యాబిన్ ఎత్తే కీలు దగ్గర, చాసిస్ రంధ్రం అంచు దగ్గర దొరుకుతుంది.

రోడ్డు మీద చిక్కుకుంటే ఇంటికి రావడానికని కొందరు లివర్‌ను తీగతో కట్టేసి నడుపుతారు. నువ్వు అలా చేయొద్దు. ఏదైనా అంటుకున్నా, ఆయిల్ పైపు తెగినా కీ తిప్పితే ఇంజన్ ఆగదు. దానికి బదులు 5 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరు ఒకటి టూల్ బాక్సులో ఉంచుకో. బ్యాటరీ ప్లస్ నుంచి హోల్డ్ పిన్నుకు మాత్రమే పెట్టి, లివర్‌ను చేత్తో తోసి స్టార్ట్ చేసుకుని, చదును రోడ్డున దగ్గర షెడ్డు దాకా రా. ఆపాలంటే ఆ వైరు పీకాలి, ఈ సంగతి క్లీనర్‌కు కూడా చెప్పు. పుల్ పిన్నుకు మాత్రం ఆ వైరు పొరపాటున కూడా పెట్టొద్దు.

బల్బు పెట్టించి రెండు మధ్యాహ్నాలు ఖాళీ బండితో ఎర్రగుంట్ల రోడ్డులో తిప్పి చూడు. ఆగినప్పుడు బల్బు వెలుగుతోందా ఆరిందా, చెయ్యి వదిలితే రాడ్డు నిలిచిందా పడిందా, ఎర్త్ వైపు మీటరు ఎంత చూపించింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని నాకు పంపు. సోలెనాయిడ్‌కు వచ్చే వైర్ల రంగులు, ఏ వైరు దేనికి కలిసిందో కూడా రాయి. వాటిని చూసి మిగతాది చెబుతాను.